తుపానుకు ముందటి ఆకాశం కోసం ఒక అర్జీ



2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. మధ్యాహ్నం వేళకి గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. వేల చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. విమానాశ్రయం దెబ్బతింది. ఆ రోజు విశాఖలో ఉన్న శ్రోతలకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరు కళ్లారా చూశారు.

నేను మాట్లాడబోయేది ఆ రోజు గురించి కాదు. దానికి నాలుగు రోజుల ముందటి రోజు గురించి. అక్టోబరు 8. తుపాను అప్పుడు అండమాన్ దీవుల మీదుగా పోతోంది. దానికి హుద్‌హుద్ అన్న పేరు వచ్చిందీ ఆ రోజే. అప్పటికి మన తీరం ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఆ రోజు ఉదయం ప్రపంచమంతటా గాలి ఎటు వీస్తోంది? బంగాళాఖాతం నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి? హిమాలయాల మీద, అరేబియా మీద, చైనా మీద, నేల నుంచి చాలా ఎత్తు వరకు, గాలిలో ఎంత తేమ ఉంది? ఇదంతా ఒక కంప్యూటర్ ఫైలులో దొరుకుతుంది. ఎవరో దాచిపెట్టుకున్న రహస్యం కాదది. అడిగితే ఇస్తారు. కాలేజీలో కూర్చున్న విద్యార్థి ఒక వెబ్ పేజీలో ఫారం నింపి, ఆ రోజు ఆకాశాన్ని అడిగి తెచ్చుకోవచ్చు. తెచ్చుకుని, తన కంప్యూటర్లో ఆ తుపానును మళ్లీ నడిపించి చూడవచ్చు.

అలా ఎలా అడగాలి, ఏమని అడగాలి, అడిగే ముందు ఏం ఆలోచించుకోవాలి? ఈ పూట ఆ సంగతులు మాట్లాడుకుందాం.

ముందు ఒక్క మాట స్పష్టం చేసుకోవాలి. వాతావరణ సూచన అంటే ఏమిటి? కంప్యూటర్లో ఒక మోడల్ ఉంటుంది. మోడల్ అంటే లెక్కల కట్ట. గాలి ఎలా కదులుతుంది, వేడి ఎలా పాకుతుంది, ఆవిరి ఎప్పుడు నీరవుతుంది, ఇవన్నీ భౌతికశాస్త్ర సూత్రాలు. ఆ సూత్రాలు కంప్యూటర్‌కు తెలుసు. కానీ సూత్రాలు తెలిస్తే సరిపోదు. ఇప్పుడు గాలి ఎలా ఉందో చెబితేనే, రేపు ఎలా ఉంటుందో అది లెక్క కట్టగలదు. ఆ ‘ఇప్పుడు ఎలా ఉంది’ అన్న సమాచారమే ప్రారంభ స్థితి. శాస్త్రజ్ఞులు ఇనీషియల్ డేటా అంటారు. ఈ ప్రసంగంలో నేను ప్రారంభ స్థితి అనే అంటాను.

నార్వే శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ ఈ సంగతి 1904లోనే తేల్చి చెప్పాడు. మంచి సూచనకు రెండే కావాలన్నాడు. ఒకటి, ఈ క్షణాన వాతావరణం ఎలా ఉందో తగినంత కచ్చితంగా తెలియాలి. రెండు, అది ఏ సూత్రాల ప్రకారం మారుతుందో తగినంత కచ్చితంగా తెలియాలి. ఆ రెండూ ఉంటే మిగిలింది లెక్కే. ఆయన చెప్పిన క్రమం గమనించండి. ప్రారంభ స్థితి మొదట. సూత్రాలు తర్వాత.

ఆ లెక్కను నిజంగా చేసి చూసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన కథ కొంచెం నిదానంగా చెబుతాను. ఎందుకంటే మన విషయం మొత్తం ఆ కథలో ఉంది.

రిచర్డ్‌సన్ క్వేకర్ మతస్థుడు, యుద్ధ వ్యతిరేకి. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లాడు. తుపాకీ పట్టడానికి కాదు, అంబులెన్సు దళంలో గాయపడ్డవాళ్లను మోయడానికి. ఆ పని మధ్య విరామం దొరికినప్పుడల్లా కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్కలు వేసేవాడు. 1910 మే 20న యూరప్‌లో చాలాచోట్ల బెలూన్లు ఎగరేసి గాలిని కొలిచారు. ఆ రోజు ఉదయం వాతావరణాన్ని ప్రారంభ స్థితిగా తీసుకుని, ఆరు గంటల్లో గాలి పీడనం ఎంత మారుతుందో చేత్తో లెక్క కట్టాడు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ రాతప్రతి 1917లో యుద్ధం గందరగోళంలో పోయింది కూడా. కొన్ని నెలల తర్వాత బొగ్గుల కుప్ప కింద దొరికింది. 1922లో పుస్తకంగా వచ్చింది.

మరి ఆయనకు వచ్చిన జవాబు ఏమిటి? ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. శ్రోతలారా, మహా తుపానులో కూడా పీడనం ఆరు గంటల్లో అంత మారదు. నిజానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు. ప్రపంచంలో మొట్టమొదటి సంఖ్యా సూచన ఘోరంగా తప్పింది.

ఎందుకు తప్పింది? సూత్రాలు తప్పా? కాదు. కూడికలు తప్పా? అదీ కాదు. ఐర్లండ్ శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ చాలా ఏళ్ల తర్వాత అదే లెక్కను కంప్యూటర్ మీద మళ్లీ చేశాడు. రిచర్డ్‌సన్ పద్ధతి సరైనదేనని తేలింది. లోపమంతా మొదట ఇచ్చిన అంకెల్లో ఉంది. పీడనం ఒక మాట చెబుతుంటే గాలి ఇంకో మాట చెబుతోంది. రెండింటికీ పొత్తు లేదు. ఆ అంకెలను కాస్త సరిచేసి, ఒకదానితో ఒకటి పొసిగేట్టు చేసి, అదే లెక్క మళ్లీ నడిపితే పీడనం మార్పు ఒక మిల్లీబారు లోపే వచ్చింది. లెక్క అదే, సూత్రాలూ అవే. మారిందల్లా ప్రారంభ స్థితి.

ఈ మాట ఇంకోసారి చెబుతాను, రేడియోలో వెనక్కి తిప్పి చదువుకోలేం కదా. రిచర్డ్‌సన్ లెక్క తప్పు కాదు. ఆయన లెక్కకు ఇచ్చిన మొదలు తప్పు. మొదలు కుదిరితే లెక్క కుదిరింది.

పాలు ఎంత చిక్కనివైనా తోడు పులిసిపోయిందైతే పెరుగు పులుపే అవుతుంది. మోడలూ అంతే.

సరే, మరి ఈ రోజుల్లో మంచి ప్రారంభ స్థితి ఎవరు తయారు చేస్తారు? అది మామూలు పని కాదు. రోజూ తెల్లవారకముందే విశాఖపట్నంలో, మచిలీపట్నంలో, హైదరాబాదులో వాతావరణ శాఖ వాళ్లు హైడ్రోజన్ నింపిన బెలూను వదులుతారు. దానికి కింద చిన్న పెట్టె కట్టి ఉంటుంది. అది పైకి పోతూ పోతూ వేడిని, తేమను, గాలిని రేడియోలో కింద ఉన్నవాళ్లకు చెబుతూ పోతుంది. ప్రపంచంలో వందల చోట్ల దాదాపు ఒకే వేళకు ఈ పని జరుగుతుంది. వీటికి ఓడలు, విమానాలు పంపే కొలతలు తోడవుతాయి. సముద్రంలో మునుగుతూ తేలుతూ ఉండే ఆర్గో పరికరాలున్నాయి. మన దేశానికి సంబంధించిన ఆర్గో సమాచారమంతా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థకు చేరుతుంది. అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఉపగ్రహాల నుంచి వస్తుంది.

ఇన్ని కొలతలున్నా భూమి మొత్తానికీ చాలవు. మహాసముద్రాల నడుమ, ఎడారుల మీద, ధ్రువాల దగ్గర ఖాళీలు మిగిలిపోతాయి. ఆ ఖాళీలను ఊహతో నింపరు. కొన్ని గంటల ముందు మోడల్ ఇచ్చిన సూచనను తీసుకుంటారు. దాన్ని కొలతలతో పోల్చి దిద్దుతారు. కొలత ఉన్నచోట, అది ఎంత నమ్మదగినదో చూసి దానివైపు మొగ్గుతారు. కొలత లేనిచోట మోడల్ మాట తీసుకుంటారు. పీడనం, గాలి, వేడి ఒకదానితో ఒకటి తగవు పడకుండా పొసిగేట్టు చేస్తారు. రిచర్డ్‌సన్‌కు లేనిది సరిగ్గా ఇదే. ఈ పనికి సూపర్ కంప్యూటర్లు కావాలి, ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణుల బృందాలు కావాలి. ఒక కాలేజీ చేయగలిగింది కాదు. అందుకే అడిగి తెచ్చుకోవాలి.

ఎవరిని అడగాలి? చాలా దేశాల్లో ఇలాంటి సంస్థలున్నాయి. మన దగ్గర నోయిడాలో జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం ఉంది. ఈ పూట ఉదాహరణకు మాత్రం యూరప్ కేంద్రాన్ని తీసుకుంటాను. మధ్యకాలిక వాతావరణ సూచనల యూరోపియన్ కేంద్రం అది. యూరప్ దేశాలు కలిసి 1975లో పెట్టుకున్నాయి. ప్రధాన కార్యాలయం ఇంగ్లండులోని రెడింగ్‌లో. సూపర్ కంప్యూటర్లు ఇప్పుడు ఇటలీలోని బొలోన్యాలో ఉన్నాయి. పది రోజుల ముందు సూచనలు అనగానే ప్రపంచమంతా చూసే కేంద్రం ఇది.

ఈ కేంద్రం మెచ్చుకోదగిన పని ఒకటి చేసింది. తాను రోజూ వాడే మోడల్‌కు విద్యార్థులు, పరిశోధకులు వాడుకునే రూపం ఒకటి తయారు చేసింది. దాని పేరు ఓపెన్ ఐఎఫ్ఎస్. మోడల్ అసలుదే. కొలతలతో దిద్ది ప్రారంభ స్థితి తయారు చేసే భాగం మాత్రం అందులో ఉండదు. కాబట్టి మోడల్ చేతికొచ్చినా, ప్రారంభ స్థితి లేకుండా అది ఒక్క అడుగు వేయదు. మొదట్లో పరిశోధకులు ఈ-మెయిల్ రాసి ఫలానా తేదీ కావాలని అడిగేవారు. కేంద్రంలోని సిబ్బంది తయారు చేసి పంపేవారు. తర్వాత దీనికి వెబ్ సాధనం వచ్చింది. డేటా హబ్ అంటారు. ఇందులో దొరికే ప్రారంభ స్థితులు ఎరా-5 అనే భాండాగారం నుంచి వస్తాయి. 1940 నుంచి ఈ మధ్య దాకా, గంట గంటకూ, భూగోళమంతటి వాతావరణాన్ని ఒకే పద్ధతిలో మళ్లీ లెక్కగట్టి పెట్టారు. దాదాపు 31 కిలోమీటర్లకు ఒక గడి చొప్పున. నిలువుగా 137 పొరలు.

ఈ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. ఇంత శ్రమతో చేసిన వస్తువును ఎక్కడో ఒక మూల ఉన్న విద్యార్థి కూడా అడగవచ్చు. అడిగేవాడి ఊరు చిన్నదా, కాలేజీ పెద్దదా అన్నది అడ్డు కాదు. ప్రశ్న ఉంటే చాలు.

ఇప్పుడు ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఆమెది విశాఖ. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణశాస్త్రం చదువుతోంది అనుకుందాం. హుద్‌హుద్ మీద ప్రాజెక్టు చేయాలనుకుంది. ఫారం తెరిచింది. పక్కన కూర్చుని చూద్దాం.

మొదటి గడి తేదీ. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తుపాను 12న తీరం దాటింది కదా అని 12 వేసేస్తారు. అమ్మా, ఆగు. నీ ప్రశ్న ఏమిటి? తీరం దాటే చోటును ఎన్ని రోజుల ముందు పసిగట్టగలమన్నది నీ ప్రశ్న అయితే, 12వ తేదీ ఆకాశం నీకెందుకు? నాలుగు రోజుల ముందటి ఆకాశం కావాలి. మూడు రోజుల ముందటిది, రెండు రోజుల ముందటిది కూడా కావాలి. 8, 9, 10. మూడు తేదీలు అడుగు. ఒక్కో తేదీ నుంచి మోడల్‌ను విడిగా నడుపు. ఏ తేదీ నుంచి మొదలుపెడితే తుపాను విశాఖ వైపు తిరిగింది? ఏ తేదీ నుంచి మొదలుపెడితే ఒడిశా వైపు పోయింది? అప్పుడు నీకు జవాబు దొరుకుతుంది.

రెండో గడి సమయం. ఇక్కడ ఇంకో తికమక ఉంది. ప్రపంచంలో వాతావరణ శాస్త్రజ్ఞులందరూ ఒకే గడియారం వాడతారు. అది గ్రీన్‌విచ్ కాలం. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఫారంలో సున్నా గంటలు అని వేస్తే అది మన అర్ధరాత్రి కాదు. మన తెల్లవారుజామున ఐదున్నర. 12 గంటలు అని వేస్తే మన సాయంత్రం ఐదున్నర. ఇది చిన్న సంగతిలా అనిపిస్తుంది. కానీ మన వాళ్లకు 12వ తేదీ రాత్రి రెండు గంటలంటే గ్రీన్‌విచ్ లెక్కలో ఇంకా 11వ తేదీ రాత్రే. తేదీయే మారిపోతుంది. తుపాను ఆ కొద్ది గంటల్లో ఎన్నో కిలోమీటర్లు నడుస్తుంది. కాబట్టి కాగితం మీద రెండు వరుసలు రాసుకోండి. పైన మన సమయం, కింద గ్రీన్‌విచ్ సమయం. ఆ తర్వాతే ఫారం నింపండి.

మూడో గడి వివరం. భూమిని ఎంత చిన్న గళ్లుగా విడగొట్టాలి అన్నది. 80 కిలోమీటర్ల గడి చాలా? 30 కిలోమీటర్లది కావాలా? ఆశ అందరికీ పెద్దదే ఉంటుంది. కానీ గడి సగం చేస్తే పని రెట్టింపుతో ఆగదు. తూర్పు-పడమరల్లో, ఉత్తర-దక్షిణాల్లో గళ్లు రెట్టింపవుతాయి, కాలంలో వేసే అడుగులూ చిన్నవి చేయాలి. పని దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. తక్కువ వివరంతో ఒక మంచి డెస్క్‌టాప్ మీద కూడా మోడల్ నడుస్తుంది. ఎక్కువ వివరానికి చాలా కంప్యూటర్లను కలిపి పెట్టిన క్లస్టర్ కావాలి. మీ కాలేజీలో ఏముందో చూసుకుని అడగండి. మొదటిసారి తక్కువ వివరంతో అడిగి, నడిపి, ఫలితం చూసి, ఆ తర్వాత పెద్దది అడగడం మేలు.

ఇక్కడ ఒక కఠినమైన నియమం ఉంది. ప్రారంభ స్థితిని ఏ వివరంతో అడిగారో, మోడల్‌నూ అదే వివరంతో నడపాలి. ఎన్ని పొరలు అడిగారో, అన్నే పొరలు పెట్టాలి. ఒకటి 80, ఒకటి 30 అయితే మోడల్ మొదలే కాదు. అక్కడే ఆగిపోతుంది. పొరపాటు మోడల్‌ది అనుకుని రోజులు పోగొట్టుకోకండి. ముందు ఈ రెండూ సరిపోలాయో లేదో చూసుకోండి.

ఇంకో గడి ప్రయోగానికి పేరు. నాలుగు అక్షరాల గుర్తు. ఇది ఎందుకంటే, వచ్చే ఫైళ్ల పేర్లలో ఆ నాలుగు అక్షరాలు ఉంటాయి. మోడల్ ఆ పేరు వెతుక్కుని ఫైలు తెరుస్తుంది. ఫైలు పేరులో ఒకటి, మోడల్‌కు చెప్పింది ఇంకొకటి అయితే ఫైలు పక్కనే ఉన్నా దానికి కనబడదు.

అర్జీ పెట్టాక కొంచెం ఓపిక పట్టాలి. మీరు అడిగింది అప్పటికప్పుడు అల్మారాలోంచి తీసి ఇచ్చే వస్తువు కాదు. భాండాగారంలోంచి తెచ్చి, మీరడిగిన గళ్లలోకి మార్చి, పొరలు సర్ది ఇవ్వాలి. మీలాంటివాళ్లు ఇంకా వరుసలో ఉంటారు. అందుకే అవసరమైనదే అడగండి. ఏడాది మొత్తం ఇచ్చేయండి అని అడిగితే మీకూ పనికిరాదు, వెనక వరుసలో ఉన్నవాళ్లకూ ఆలస్యం. మూడు తేదీలు చాలని తెలిసినవాడు ముప్ఫై అడగడు.

ఫైళ్లు వచ్చాయి. ఏముంది వాటిలో? ఒక దాంట్లో గాలి, వేడి, పీడనం. మోడల్ వాటిని తరంగాల రూపంలో దాచుకుంటుంది. ఇంకోదాంట్లో తేమ, మబ్బు. మరోదాంట్లో నేల, సముద్రం. ఈ చివరి ఫైలు తెరిచి చూడండి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. నేల నాలుగు పొరలుగా ఉంటుంది. పై పొర ఏడు సెంటీమీటర్లు. రైతు బెత్తెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నలిపి పదును చూస్తాడే, సుమారుగా ఆ లోతు. ఆ పొరలో ఎంత తడి ఉందో ఆ ఫైలు చెబుతుంది. తెలంగాణలో మే నెల నేలలో తడి లేకపోతే ఎండ వేడంతా నేరుగా గాలికే ఎక్కుతుంది. తడి ఉంటే కొంత వేడి ఆవిరి కావడానికి ఖర్చవుతుంది. అందుకే వడగాడ్పుల మీద ప్రయోగం చేసేవాళ్లకు ఆ ఏడు సెంటీమీటర్ల మట్టి ఎంతో ముఖ్యం. తుపాను మీద చేసేవాళ్లకు సముద్రపు పైనీటి వేడి ముఖ్యం. ఒకే ఫైలు, రెండు వేర్వేరు ప్రశ్నలు.

ఇప్పుడు అసలు ప్రయోగం. మన అమ్మాయి మొదట ఏ మార్పూ చేయకుండా మోడల్ నడుపుతుంది. అది ఆమెకు ఆధారం. తర్వాత బంగాళాఖాతం నీటి వేడిని ఒక్క డిగ్రీ పెంచుతుంది. ఇంకేమీ ముట్టుకోదు. మళ్లీ నడుపుతుంది. రెండింటినీ పక్కపక్కన పెడుతుంది. తుపాను బలపడిందా? దారి మారిందా? వాన పెరిగిందా? వచ్చిన తేడాకు కారణం ఆ ఒక్క డిగ్రీయే. వాస్తవ సముద్రంలో మనం ఒక డిగ్రీ పెంచలేం, తగ్గించలేం. మోడల్‌లో చేయగలం. ప్రయోగం అంటే ఇదే. ఒకసారి ఒక్కటే మార్చాలి. ఈ మాట మళ్లీ చెబుతున్నాను. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

మన దేశంలో చాలామంది విద్యార్థులు డబ్ల్యూఆర్ఎఫ్ అనే అమెరికా మోడల్ వాడతారు. అదీ మంచిదే. దానికీ ప్రారంభ స్థితి ఇలాగే వెబ్‌లో అడిగి తెచ్చుకోవాలి. తేడా ఒకటి గుర్తుంచుకోండి. దాన్ని సాధారణంగా ఒక ప్రాంతానికే నడుపుతారు. ఆంధ్ర తీరం, బంగాళాఖాతం, అంతవరకే. అప్పుడు ఆ ప్రాంతం అంచుల నుంచి లోపలికి వచ్చే గాలి సంగతి కూడా చెప్పాలి. మొదటి క్షణానికే కాదు, ప్రతి ఆరు గంటలకో మూడు గంటలకో చెబుతూ ఉండాలి. భూగోళం మొత్తానికి నడిపే మోడల్‌కు ఆ బెడద లేదు. భూగోళానికి అంచులు లేవు కదా.

ఇక ఒక జాగ్రత్త. ఇది చెప్పకుండా ముగిస్తే తప్పు చేసినట్టవుతుంది. ప్రారంభ స్థితి కొలత కాదు. చాలా జాగ్రత్తగా చేసిన అంచనా. గళ్లు 31 కిలోమీటర్లవి అయినప్పుడు తుపాను కన్ను చుట్టూ తిరిగే ఆ భీకరమైన గాలి గళ్లలో ఇమడదు. సగటు అయిపోతుంది. అందుకే ఇలాంటి భాండాగారాల్లో పెద్ద తుపాన్లు వాస్తవం కంటే బలహీనంగా కనిపిస్తాయి. మీ మోడల్‌లో హుద్‌హుద్ గాలి 180 దాకా పోలేదని నిరాశపడకండి. మోడల్ చెడ్డదని తీర్పూ ఇవ్వకండి. దారి సరిగ్గా వచ్చిందా, తీరం దాటే వేళ దగ్గరగా వచ్చిందా అని చూడండి. బలం సంగతికి ఇంకా చిన్న గళ్లు కావాలి.

ఇంకో ఉదాహరణ చెబితే ఇది మరింత బాగా తెలుస్తుంది. దివిసీమ. 1977 నవంబరు 19. ఆ పేరు వింటే కృష్ణా జిల్లాలో ఇప్పటికీ పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. ఉప్పెన వేల మందిని తీసుకుపోయింది. ఆ తేదీ కూడా భాండాగారంలో ఉంది. అడిగితే వస్తుంది. కానీ 1977 ఆకాశం, 2014 ఆకాశం ఒక్కలాంటివి కావు. గాలిలోని వేడినీ తేమనూ పై నుంచి కొలిచే ఉపగ్రహాలు నేటి తీరుగా రోజూ పనిచేయడం 1978 చివరి నుంచే మొదలైంది. అంతకుముందు బంగాళాఖాతం నడిమధ్యన కొలిచేదెవరు? ఎక్కువగా దారిన పోయే ఓడలే. తుపాను వస్తోందని తెలిస్తే ఓడలు ఆ దారినే పోవు. అంటే కొలత అత్యవసరమైన చోటే కొలతలు చాలా తక్కువ. కాబట్టి దివిసీమ తుపానును మోడల్‌లో నడిపితే వచ్చే తప్పుల్లో మోడల్ తప్పు ఎంత, ప్రారంభ స్థితి తప్పు ఎంత అని విడదీసి చూడాలి. నా దృష్టిలో ఇది చాలా విలువైన పరిశోధన. ఆనాటి ఆకాశం గురించి మనకు ఎంత తక్కువ తెలుసో చూపించినా అది మన వాళ్లకు చేసిన సేవే.

ప్రారంభ స్థితిలో ఎంతో కొంత అనుమానం ఎప్పుడూ మిగులుతుంది. దాన్ని దాచకూడదు, లెక్కలోకి తీసుకోవాలి. యూరప్ కేంద్రం 1992 నుంచి ఆ పని చేస్తోంది. ప్రారంభ స్థితిని చిన్న చిన్న తేడాలతో ఎన్నో రకాలుగా తయారు చేస్తారు. అన్నిటినీ నడుపుతారు. ఇప్పుడు 50కి పైగా నడుపుతున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోటును చూపిస్తే నమ్మకం పెరుగుతుంది. చెల్లాచెదురుగా పోతే జాగ్రత్త పడాలి. టీవీలో తుపాను దారి చూపించేటప్పుడు ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీ ఒకటి చూస్తారు కదా. ముందుకు పోయేకొద్దీ అనుమానం పెరుగుతుందనే ఆ పట్టీ చెప్పేది. మన విద్యార్థిని కూడా ఇది చిన్నగా చేయవచ్చు. 8వ తేదీ ఉదయంది ఒకటి, సాయంత్రంది ఒకటి, మర్నాడు ఉదయంది ఒకటి అడిగితే, ఎక్కడ మొదలుపెడితే దారి ఎంత మారుతుందో కళ్ల ముందే కనబడుతుంది.

వింటున్న విద్యార్థులకు, అధ్యాపకులకు ఒక విన్నపం. మన నేల మరిచిపోలేని తేదీలు ఎన్నో ఉన్నాయి. 1990 మేలో మచిలీపట్నం తుపాను. 1996 నవంబరులో కోనసీమ తుపాను. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వాన. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ మీదికి వచ్చిన బుడమేరు వరద. ఈ తేదీలన్నీ అడిగితే దొరుకుతాయి. ఎక్కడో ఉన్న పరిశోధకులు తమ తుపాన్ల మీద, తమ వానల మీద ప్రయోగాలు చేసుకుంటారు. అది వాళ్ల పని. మన తేదీలు మనమే అడగాలి. అధ్యాపకులారా, ఈసారి ప్రాజెక్టు పని ఇచ్చేటప్పుడు పిల్లలకు ఒక తేదీ ఎంచుకోమనండి. ఫారం తెరవకముందే, ఆ తేదీ ఎందుకు కావాలో ఒక వాక్యంలో రాయించండి. ఆ వాక్యం కుదిరాకే అర్జీ పెట్టించండి.